ఎనిమిదేళ్ళ పిల్లలకు డిప్రెషన్ వస్తుందా? మా ఇంట్లో వచ్చింది

మీ అక్కగారి అబ్బాయి గురించి మీరు రాసింది రెండుసార్లు చదివాను. మూడో తరగతి పిల్లవాడు రెండు నెలలుగా బడికి వెళ్ళనని మొండికేస్తున్నాడు, అయినదానికీ కానిదానికీ ఏడుస్తున్నాడు, తమ్ముణ్ణి కొడుతున్నాడు. ఇంట్లో పెద్దలేమో "అంత చిన్నవాడికి డిప్రెషన్ ఏమిటి, గారాబం ఎక్కువైంది" అంటున్నారు. కరోనా రోజుల్లో ఎవరి పిల్లలకైనా ఇలా జరిగిందా అని అడిగారు. జరిగింది, మా అమ్మాయికే. మాది కావలి. అప్పుడు తనకు కూడా ఎనిమిదేళ్ళే.

ముందు మీ పెద్దల మాటకు జవాబు చెబుతాను. 2020 ఆరంభంలో చైనాలోని హుబేయ్ రాష్ట్రంలో బళ్ళు మూసేసినప్పుడు రెండు నుంచి ఆరో తరగతి వరకు చదివే 1,784 మంది పిల్లల సమాధానాలను పరిశోధకులు పరిశీలించారు. నూటికి 22.6 మందిలో డిప్రెషన్ లక్షణాలు, 18.9 మందిలో ఆందోళన లక్షణాలు కనిపించాయి. ప్రశ్నలకు చెప్పిన జవాబుల్లో లక్షణాలు కనిపించినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, అది డాక్టరు తేల్చాలి. కానీ ఆ పిల్లలు అప్పటికి ఇళ్ళలో ఉన్నది సగటున 34 రోజులే. మన రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు 2020 మార్చిలో బడి వదిలి, మళ్ళీ 2021 ఫిబ్రవరి 1న గానీ తరగతి గదిలో కూర్చోలేదు. ఆ ఏప్రిల్ 20న మళ్ళీ మూశారు. ఆగస్టు 16న తెరిచారు.

మా కథ ఆ రెండోసారి మూసినప్పటిది.

మా మామయ్యగారికి మనవరాలంటే ప్రాణం. ఆదివారం వస్తే స్కూటరు మీద తుమ్మలపెంట తీసుకెళ్ళి సముద్రం చూపించేవారు. రాష్ట్రంలో మొదటి కేసు మా నెల్లూరులోనే బయటపడటంతో మా ఇళ్ళలో మొదటినుంచీ భయం ఎక్కువే. పాపను ఇల్లు దాటకుండా ఆపడానికి నేనొక మాట పట్టుకున్నాను: "నువ్వు బయట తిరిగి జబ్బు తెచ్చావంటే తాతయ్యకు అంటుకుంటుంది." రోజూ అన్నాను. అది పిల్ల మనసులో ఎక్కడ దిగుతోందో ఆలోచించలేదు.

మే నెలలో ఒక సాయంత్రం పాప నా కన్నుగప్పి పక్కింటికి వెళ్ళి వామనగుంటలు ఆడుకుని వచ్చింది. మర్నాడు పొద్దున మామయ్యగారికి జ్వరం. ఊరంతా కృష్ణపట్నం మందు గురించి మాట్లాడుకుంటున్న రోజులవి. ఆయాసం పెరిగితే నెల్లూరులో ఒక ఆసుపత్రిలో చేర్చాము. ఆయన తిరిగి రాలేదు. పాపకు మాత్రం పదకొండు రోజులు "తాతయ్య కోలుకుంటున్నారు" అనే చెప్పాము. మావారు ఫోనులో ఎవరికో చెబుతుంటే విని తెలుసుకుంది. ఏడవలేదు. చిన్నపిల్ల కదా, తట్టుకుంది అని మేము ఊపిరి పీల్చుకున్నాము. మేము చేసిన పెద్ద పొరపాటు అదే.

జూన్ నుంచి ప్రతి ఉదయం కడుపునొప్పి మొదలైంది. స్కానింగ్ చేయిస్తే ఏమీ లేదు. అన్నం ముందు కూర్చుని కెలికేది. టీవీలో సప్తగిరి పాఠాలు పెడితే రిమోట్ విసిరికొట్టేది. ఎప్పుడూ చాక్‌పీసుతో గచ్చంతా ముగ్గులు వేసే పిల్ల ఆ డబ్బా ముట్టుకోవడమే మానేసింది. అన్నిటికన్నా మాకు కష్టమనిపించింది వాళ్ళ నాయనమ్మ దగ్గరికి వెళ్ళకపోవడం. పుట్టినప్పటినుంచీ ఆమె పక్కనే పడుకున్న పిల్ల, ఆమె చెయ్యి చాపితే వెనక్కి జరిగేది. భర్త పోయిన దుఃఖంలో ఉన్న మనిషికి అదెలా ఉంటుందో ఊహించండి. "ఇంత పొగరేమిటే నీకు" అని నేనొకసారి చెయ్యి కూడా చేసుకున్నాను. రాయడానికి ఇప్పటికీ బాధగా ఉంది.

చివరికి పిల్లల డాక్టరుగారు "నొప్పి నిజమే, నటన కాదు. కానీ కారణం కడుపులో లేదు" అని చెప్పి నెల్లూరులో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. ఆవిడ చెప్పాకే తెలిసింది, ఈ వయసు పిల్లల్లో డిప్రెషన్ తరచూ దిగులు ముఖంతో రాదట. చిరాకుగా, కోపంగా, ఒంటి నొప్పిగా, నిద్రలో పక్క తడపడంగా, ఆట మీద ఆసక్తి పోవడంగా వస్తుందట. అలాంటి మార్పు రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకు మించి ఉంటే చూపించాలని చెప్పారు.

ఆవిడ పాపతో కాసేపు బొమ్మలు ఆడించి, మామూలుగా అడిగారు: "తాతయ్యకు జ్వరం ఎలా వచ్చిందనుకుంటున్నావు?"

"నేనే తెచ్చాను. నాయనమ్మకు కూడా తెస్తాను."

ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నట్టు వెంటనే చెప్పింది. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

డాక్టరుగారు "ఛ, అదేం లేదు" అని కొట్టిపారేయలేదు. గోడ మీది క్యాలెండరు తీసి పాప చేతికి పెన్ను ఇచ్చారు. పక్కింటికి వెళ్ళిన రోజు దగ్గర ఒక గుర్తు, జ్వరం వచ్చిన రోజు దగ్గర ఒక గుర్తు పెట్టించారు. ఈ వైరస్ ఒంట్లో చేరాక జ్వరం రావడానికి రెండు నుంచి పద్నాలుగు రోజులు, ఎక్కువమందిలో ఐదారు రోజులు పడుతుందని చెప్పి వెనక్కి లెక్కపెట్టించారు. ఒక్క రాత్రిలో కుదరదని పాప తనంతట తానే తేల్చుకుంది. అప్పుడు ఆవిడ ఇంకో మాట అన్నారు: "ఒకవేళ లెక్క కుదిరినా తప్పు నీది కాదమ్మా. కంటికి కనపడని పురుగును ఎవరూ కావాలని మోసుకురారు." ఈ రెండో మాటే ముఖ్యమని నా నమ్మకం, ఎందుకంటే నిజంగానే లెక్క కుదిరిన ఇళ్ళు ఎన్నో ఉన్నాయి.

ఆ ఒక్క రోజుతో అంతా సర్దుకోలేదు. రెండు వారాలకోసారి నెల్లూరు వెళ్ళి వచ్చేవాళ్ళం. మా పాపకు మందులు అవసరం లేదన్నారు, కొందరికి అవసరమవుతాయట. రోజూ ఒకే వేళకు నిద్ర, సాయంత్రం అరగంట ఆరుబయట, తాతయ్య మాట వస్తే దాటవేయకుండా మాట్లాడటం, ఇవే మాకు చెప్పిన పనులు. ఆయన ఎలా పోయారో దాచకుండా చెప్పాను. తుమ్మలపెంట వెళ్ళి కూర్చున్నప్పుడు పాప మొదటిసారి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆగస్టులో బడి తెరిచాక మొదటి వారం గేటు దగ్గర నా కొంగు వదల్లేదు. టీచరుగారు తిట్టకుండా తన కుర్చీ పక్కనే కూర్చోబెట్టుకున్నారు. దసరా నాటికి నాయనమ్మ పక్కకు చేరింది. సంక్రాంతికి వాకిట్లో ముగ్గు వేసింది.

మీ అబ్బాయి విషయంలో కారణం ఇంకేదైనా కావచ్చు. బడిలో ఎవరైనా బాధపెడుతున్నారేమో, కళ్ళు సరిగా కనబడక చదువు భారమైందేమో, ఇంట్లో గొడవలు వింటున్నాడేమో. మీ అక్కగారిని తిట్లు ఆపి, పడుకునే ముందు దీపం తీసేశాక, "నీకు ఎందుకిలా అవుతోందనుకుంటున్నావు" అని అడగమనండి. జవాబు వచ్చేదాకా ఊరుకోమనండి. "చచ్చిపోతే బాగుండు" లాంటి మాట వాడి నోట వస్తే చిన్నపిల్లవాడి మాట అనుకోకుండా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. రెండు నెలలు దాటింది కాబట్టి ఎలాగూ ఈ వారంలోనే చూపించండి. ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియకపోతే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలిమానస్ నంబరు, డబ్బు కట్టక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు. మేము తిరిగిన రోజుల్లో అది లేదు.