ముందు కొండ కట్టండి, బొమ్మ సంగతి తర్వాత

ప్రశ్న ఇదీ: "మేం నలుగురు ఫ్రెండ్స్ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట ఆడుతున్నాం. అందులో వాడే చిన్న బొమ్మలకు, అంటే మినియేచర్లకు, మేమే రంగులు వేసుకోవాలని ఉంది. మొదట ఏం కొనాలి? మన దగ్గర ఇది మరీ ఖరీదైన హాబీ అంటున్నారు, నిజమేనా?"

మొదట ఏమీ కొనకండి. తెలిసినవాళ్ళు ఎవరైనా కొత్త ఫ్రిజ్జో వాషింగ్ మెషీనో కొంటే, దానితో వచ్చిన థర్మోకోల్ పారేయొద్దని చెప్పి తెచ్చుకోండి. దానితో ఒక కొండ చేయండి. కొండకి రంగు వేయడం వచ్చాకే బొమ్మ జోలికి వెళ్ళండి. ఈ మాట తేలిగ్గా అనడం లేదు. ఎనిమిదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. బొమ్మతో మొదలుపెట్టి మానేసినవాళ్ళని చాలామందిని చూశాను కానీ, కొండతో మొదలుపెట్టి మానేసినవాళ్ళని ఒక్కరినీ చూడలేదు.

ఎక్కువగా దొరికేవి 28 మిల్లీమీటర్ల స్కేలు బొమ్మలు. నిలబడ్డ మనిషి మన బొటనవేలి పై కణుపంత ఉంటాడు. తల కందిగింజంత. కన్ను గసగసాల గింజంత కూడా ఉండదు. కొత్తవాళ్ళు పెట్టె విప్పగానే తిన్నగా ఆ కంటి మీదికే వెళ్తారు. చేయి వణుకుతుంది, తెల్లరంగు బుగ్గ మీదికి జారుతుంది, తుడిస్తే కింది రంగు కూడా లేచొస్తుంది. మూడో రోజుకి పెట్టె అటకెక్కుతుంది.

కొండతో ఆ బాధ లేదు. రాయి ఫలానాలాగే ఉండాలని ఎవరూ అనరు. నల్లరంగు పూసి ఆరనివ్వండి. వెడల్పాటి పాత బ్రష్షుకి బూడిదరంగు అద్ది, గుడ్డ మీద దాదాపు అంతా తుడిచేసి, మిగిలిన ఆ పొడి రంగుతో రాతి అంచుల మీద అటూ ఇటూ ఆడించండి. ఎత్తుగా ఉన్నచోట రంగు అంటుతుంది, పల్లాల్లో నలుపు ఉండిపోతుంది. దీన్నే డ్రైబ్రషింగ్ అంటారు. రెండు నిమిషాల్లో థర్మోకోల్ ముక్క రాయైపోతుంది. బొమ్మ మీద చేసేదీ అదే: గుంతలో చీకటి, అంచున వెలుగు. కొండ మీద అలవాటు పడిన చేయి కవచం మీదా, జుట్టు మీదా, డ్రాగన్ పొలుసుల మీదా అలాగే ఆడుతుంది.

నాకు ఈ పిచ్చి పట్టింది ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో. మావారి ఉద్యోగం వల్ల రెండేళ్ళు అక్కడున్నాం. డిసెంబరులో నాలుగింటికే చీకటి పడిపోయే ఊరు. వార్‌హామర్ అనే బొమ్మల యుద్ధపు ఆట తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 1975లో లండన్‌లో మొదలైనా, ఇప్పుడు దాని హెడ్డాఫీసు నాటింగ్‌హామ్‌లోని లెంటన్‌లో ఉంది. వార్‌హామర్ మొదటి ఆట 1983లో వచ్చింది. అక్కడ పనిచేసి బయటికొచ్చినవాళ్ళు కొందరు ఆ చుట్టుపక్కలే సొంతంగా బొమ్మల కంపెనీలు పెట్టుకున్నారు. చెక్కబొమ్మలకి మనకి కొండపల్లి ఎలాగో, ఈ ఆటబొమ్మలకి ఆ ఊరు అలాగ.

హెడ్డాఫీసు దగ్గరే వార్‌హామర్ వరల్డ్ అని ఒక ఎగ్జిబిషన్ ఉంది. గాజు అద్దాల వెనక పెద్దపెద్ద యుద్ధ దృశ్యాలు, వందల కొద్దీ బొమ్మలు. అందరూ సైనికుల్ని చూస్తుంటే నేను నేలని చూస్తూ నిలబడిపోయాను. గోడ అడుగున పట్టిన పాచి. బండిచక్రం దిగబడిన గాడిలో తడి మెరుపు. బొమ్మలన్నీ తీసేసినా అక్కడ ఏం జరిగిందో ఆ నేలే చెబుతుంది. నాకు అప్పుడే అర్థమైంది, బాగా రంగు వేసిన బొమ్మని ఉత్త బల్ల మీద పెడితే అది షోకేసులో వస్తువులా ఉంటుందే తప్ప కథలో మనిషిలా ఉండదని.

విశాఖ తిరిగొచ్చాక ఒక ఆగస్టులో మా ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. దాని థర్మోకోల్ దిమ్మల్ని ఒకదాని మీద ఒకటి అంటించి, బ్లేడుతో చెక్కుతూ వారం రోజులు కూర్చున్నాను. మధ్యలో గుహ, గుహ ముందు మూడు మెట్లు. బొమ్మ కింద ఉండే గుండ్రటి బేస్ 25 మిల్లీమీటర్లుంటుంది కాబట్టి, ఒక్కో మెట్టు మీద అది కదలకుండా నిలబడేలా కొలిచి మరీ కోశాను. ఆదివారం మధ్యాహ్నం దాన్ని టెర్రస్ మీదికి తీసుకెళ్ళి, ఇంగ్లండ్‌లో బొమ్మలకి కొట్టినట్టే నల్ల ప్రైమర్ (రంగుకి ముందు వేసే పూత) స్ప్రే కొట్టాను.

మొదట ఘాటైన వాసన వచ్చింది. తర్వాత సోడా పొంగినట్టు సన్నటి చప్పుడు. చూస్తుండగానే కొండ మీద గుంతలు పడ్డాయి. స్ప్రే డబ్బాలో ఉండే సాల్వెంట్ థర్మోకోల్‌ని కరిగించేస్తుందని నాకు అప్పటికి తెలియదు. నేను ఆపేసినా అది ఆగలేదు. మెట్లు ఒకదానిలోకి ఒకటి కుంగిపోయాయి, గుహ నోరు నా కళ్ళముందే మూసుకుపోయింది. నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఏడ్చాను.

ఆరిన బట్టలు తీయడానికి అత్తయ్య పైకొచ్చారు. కొండని అటూ ఇటూ తిప్పి చూసి, వేలితో గీరి, "ఏమ్మా, కాగితం వెయ్యకుండానే రంగు కొట్టేశావా?" అన్నారు.

"కాగితం ఏంటి అత్తయ్యా?"

"కొలువు కొండకి వేస్తాం కదా. మైదా ఉడకబెట్టి, అందులో పేపరు ముక్కలు ముంచి రెండు పొరలు కప్పేస్తే తోలులా పట్టేస్తుంది. ఆ పైన ఏ రంగైనా వేసుకో. కిందకి దాని ఘాటు దిగదు."

ఆవిడ నలభై ఏళ్ళుగా సంక్రాంతికి బొమ్మల కొలువు పెడుతున్నారు. మెట్ల పక్కన కొండ, కొండ కింద అద్దంముక్కతో చెరువు, చెరువు గట్టున ఆవాలు మొలకెత్తించిన పొలం. అన్నీ ఏటా చూస్తూనే ఉన్నాను. చూస్తూ కూడా, నేను ఇంగ్లండ్‌లో నేర్చుకున్నదీ ఆవిడ హాల్లో చేసేదీ ఒకటే పని అని నాకు తట్టలేదు. అందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఆ రాత్రే ఇద్దరం మళ్ళీ మొదలుపెట్టాం. మైదా జారుగా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేశారు. అది విషం కాబట్టి వాడిన గిన్నె మళ్ళీ వంటింట్లోకి రానివ్వలేదు, పిల్లల్నీ దగ్గరికి రానివ్వలేదు. నేను పేపర్ని కత్తెరతో చదరాలుగా కోస్తుంటే చేయి పట్టుకుని ఆపారు. "కొయ్యకూడదు, చింపాలి. కోసిన అంచు గీతలా కనబడుతుంది, చింపిన అంచు కలిసిపోతుంది." నిజంగానే అంతే. వెలుతురు పక్కనుంచి పడేలా కొండని పట్టుకుని చూశాను. నేను కోసి అంటించిన నాలుగు ముక్కలూ మెట్లమెట్లుగా కనబడ్డాయి. ఆవిడ చింపి అంటించినచోట అతుకు ఎక్కడో వెతికినా దొరకలేదు. ఇన్నేళ్ళలో ఎన్నో వీడియోలు చూశాను, ఈ చిన్న సంగతి ఇంత స్పష్టంగా చెప్పినవాళ్ళు నాకు ఎదురుపడలేదు.

మైదా ఓపిక లేకపోతే ఫెవికాల్‌లో నల్ల అక్రిలిక్, కొంచెం నీళ్ళు కలిపి బ్రష్షుతో రెండు కోట్లు ఎక్కడా సందు లేకుండా పూయండి, అదీ కాపాడుతుంది. కానీ ఆటలో పదిమంది చేతులు పడే కొండకి కాగితం పొరే గట్టి.

ఆ మర్నాడు ఆవిడకి ప్రైమర్ గురించి చెప్పాను. ఉత్త ప్లాస్టిక్ మీద రంగు నిలవదు, గోరు తగిలితే లేచొస్తుంది, అందుకే ముందు ఒక పట్టు పూత వేస్తామని. "కొండపల్లివాళ్ళు చెక్క మీద ముందు సుద్ద పూస్తారే, అదన్నమాట" అన్నారు. అదే మరి. ఇంతకంటే మంచి వివరణ నా దగ్గర లేదు.

ఇక్కడ ఇంకో మాట. మన దగ్గర ఈ హాబీలోకి వచ్చినవాళ్ళు చేసే నేలలన్నీ ఒకేలా ఉంటాయి. బూడిదరంగు రాయి, తడిసిన ముదురాకుపచ్చ గడ్డి. అది ఇంగ్లండ్ నేల. వాళ్ళు తమ కిటికీలోంచి కనబడింది వేసుకున్నారు, మనం దాన్నే నేల అనుకుని దింపుతున్నాం. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు ఎప్పుడైనా సాయంత్రం ఎండలో చూడండి. వాన నీళ్ళు కోసిన గాడులు, గాడి అడుగున దాదాపు ఊదా రంగు, అంచు మీద నారింజ. ఈ ఆటల్లో ఓర్క్‌లనే రాక్షసుల గుంపు దిగడానికి అంతకంటే మంచి చోటు ఏముంది? నా రెండో కొండ అదే. నలుపుకి బదులు ముదురు గోధుమరంగుతో మొదలుపెట్టి, ఇటుకరంగు, దాని మీద కాషాయం, చివర అంచులకి మాత్రం లేత ఇసుకరంగు. ఆకుపచ్చ తోలున్న ఓర్క్ ఆ ఎరుపు మీద నిలబడితే గదిలో అటు చివరనుంచి కూడా కనబడతాడు. పచ్చగడ్డి మీద పెడితే కలిసిపోతాడు.

"పెద్దదానివి, ఇంకా బొమ్మలేంటి" అనే బంధువులు మీకూ ఎదురవుతారు. వాళ్ళ మాట పట్టించుకోనక్కర్లేదు. నాకు వాళ్ళకంటే ఎక్కువ బాధ కలిగించేవాళ్ళు "ఎంతకి అమ్ముతావు?" అని అడిగేవాళ్ళు. ముగ్గు వేసినవాళ్ళని ఎవరూ ఇలా అడగరు కదా. ఇక ఎయిర్‌బ్రష్, కంప్రెసర్, అరవై సీసాల రంగుల గోడ చూపించి "బిగినర్స్ కోసం" అని పేరు పెట్టే వీడియోలు. వాటిని చూసి ఎంతమంది వెనక్కి తగ్గారో తలుచుకుంటే కోపం వస్తుంది.

సరే, మీరు అడిగింది కొనడం గురించి. కొండ అయ్యాక ఇవి చాలు: ఒకటో నంబరు గుండ్రటి బ్రష్షు మంచిది ఒక్కటి, పాత ఫ్లాట్ బ్రష్షు ఒకటి. మినియేచర్ల కోసమే చేసే అక్రిలిక్ రంగులు, వాయెహో లేదా సిటాడెల్, ఐదారు. స్టేషనరీ షాపు అక్రిలిక్ కొండకి బాగుంటుంది కానీ బొమ్మకి వద్దు, కందిగింజంత ముఖం మీద దట్టంగా కూర్చుని ముక్కూ మూతీ పూడ్చేస్తుంది. ఒక గోధుమరంగు వాష్ తప్పనిసరి. అది నీళ్ళలా ఉండి గుంతల్లోకి తనే జారుతుంది. ఏ రంగైనా పాలంత పల్చగా కలిపి రెండు కోట్లు వేయండి, చిక్కగా ఒక్క కోటు ఎప్పుడూ వద్దు.

మన ఎండల్లో ఫ్యాను కింద కూర్చుంటే పళ్ళెంలో రంగు నిమిషాల్లో ఆరిపోతుంది. టిఫిన్ బాక్సులో తడి టిష్యూ పరిచి, దాని మీద బేకింగ్ పేపరు వేసి, ఆ పేపరు మీద రంగులు కలుపుకోండి. మూత పెడితే మర్నాటికీ తడిగానే ఉంటాయి. వానాకాలం స్ప్రే ప్రైమర్ జోలికి వెళ్ళకండి, గాలిలో తేమ ఎక్కువైతే బొమ్మ మీద ఇసుక చల్లినట్టు గరుకు తేలుతుంది. బ్రష్షుతో పూసే ప్రైమర్ దొరుకుతుంది, అది తీసుకోండి.

ఖరీదు బొమ్మల్లోనే ఉంది, అదీ బయటి దేశం నుంచి తెప్పిస్తే. మీ నలుగురికి తలా ఒక బొమ్మ, ఒక విలన్, అంతే కొనండి. తెలిసినవాళ్ళకి రెజిన్ త్రీడీ ప్రింటర్ ఉంటే ఇంకా తక్కువలో అయిపోతుంది. నా కొండకి నేను కొన్నది మైదా, మైలుతుత్తం, మూడు రంగుల ట్యూబులు.

గడ్డి కోసం ప్యాకెట్లు అమ్ముతారు, కొనకండి. వడ్రంగి దగ్గర రంపపు పొట్టు ఊరికే ఇస్తారు. టీ వడకట్టుతో జల్లించి, ఆకుపచ్చ రంగునీళ్ళలో కలిపి, పాత పళ్ళెంలో ఎండబెట్టండి. కొండ మీద ఫెవికాల్ రాసి చల్లి, గంటాగి దులిపేస్తే సరి. ఉత్త ఆకుపచ్చ ప్లాస్టిక్‌లా కొడుతుందని అత్తయ్య అందులో చిటికెడు పసుపు కలిపేవారు, ఎండ పడ్డ గడ్డిలా వచ్చేది. కిటికీ పక్కన పెట్టిన కొండ మీద ఆరు నెలల్లో ఆ పసుపు వెలిసిపోయింది. ఇప్పుడు పసుపు బదులు ఎల్లో ఓకర్ అక్రిలిక్ రెండు చుక్కలు వేస్తున్నాం, ఆవిడ కొలువు కొండకి కూడా.