ముఖం అందం కదలికలో ఉంటుంది, అద్దంలో కాదు

"నలభై దాటాక ముఖానికి ఇంజెక్షన్లు చేయించుకున్నా సహజంగా కనిపించగలమా?" అని అడిగారు. కనిపించవచ్చు. కానీ అది అద్దంలో చూసి తేల్చుకునే విషయం కాదు. అద్దం ముందు అందరం ముఖం సర్దుకునే నిలబడతాం. నవ్వినప్పుడు, ఏడ్చినప్పుడు ముఖం ఎలా కదులుతుందో అదే సహజ సౌందర్యం. విజయనగరంలో పెళ్లి ఫొటోలు తీసి బతికేవాడిగా ఈ మాట గట్టిగా చెబుతాను.

ఆ మధ్య కోట దగ్గర ఒక పెళ్లి జరిగింది. పెళ్లికూతురి తల్లి ముందుగానే నుదుటి ముడతలు తగ్గడానికి బొటాక్స్ ఇంజెక్షన్, బుగ్గలు నిండుగా కనబడటానికి ఫిల్లర్ ఇంజెక్షన్ చేయించుకున్నారు. ముహూర్తం ఫొటోలన్నీ బాగానే వచ్చాయి. అప్పగింతల వేళ కూతురి చేతులు పాలలో ముంచి వియ్యపురాలి చేతుల్లో పెడుతూ ఆవిడ వెక్కివెక్కి ఏడ్చారు. గొంతు పూడుకుపోయింది, నీళ్లు ధారగా కారుతున్నాయి, కనుబొమలు మాత్రం కదల్లేదు. పక్కనే పెళ్లికూతురి అమ్మమ్మ ముఖంలోని ప్రతి ముడతా ఏడుస్తోంది. ఆల్బం చూసినవాళ్లంతా ఆ పేజీలో అమ్మమ్మ దగ్గరే ఆగిపోయారు. ఆ తల్లి దుఃఖం ఫొటోలోకి రాలేదని నాకు ఇప్పటికీ బాధే.

మందును నేను తప్పుపట్టను. నరం నుంచి కండరానికి సంకేతం మోసే ఎసిటైల్‌కోలిన్‌ను బొటాక్స్ విడుదల కానివ్వదు. దాంతో కండరం సడలి ముడత తగ్గుతుంది. 3-4 నెలల్లో ఆ ప్రభావం పోతుంది. కనుబొమల మధ్య గీతలకు దీన్ని వాడటానికి అమెరికాలో 2002లోనే అనుమతి వచ్చింది. హైలురోనిక్ ఆమ్లం ఫిల్లర్ నచ్చకపోతే హైలురోనిడేజ్ అనే ఎంజైమ్‌తో కరిగించవచ్చు. చిక్కంతా మోతాదుతోనే. వయసుతో చర్మం ఒక్కటే వదులు కాదు, దాని కింది కొవ్వు జారుతుంది, ఎముక కూడా తరుగుతుంది. ముడతలను మాత్రమే వెతికి చెరిపితే అవి పోయిన చోటు మిగతా ముఖంతో పొసగదు.

ఇంతకన్నా నాకు కోపం తెప్పించేవి తెల్లబడే క్రీములు. బీటామెథసోన్, క్లోబెటసాల్ వంటి స్టెరాయిడ్లు కలిసినవాటిని కూడా డాక్టరు చీటీ అడగకుండా అమ్మేస్తున్నారు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నటి రక్తనాళాలు ఎర్రగా పైకి తేలతాయి. పెళ్లి కుదిరిన ఆడపిల్లలు ఆ ముఖాలతో స్టూడియోకు వస్తుంటే కడుపు తరుక్కుపోతుంది. చామనఛాయను ఫొటోలో తెల్లగా మార్చమని అడిగే తండ్రులకు ఆ పని చేయనని ముందే చెబుతాను. పుట్టుమచ్చ కూడా చెరపను.

మీరు చేయించుకోవాలనే అనుకుంటే చర్మవైద్యుల దగ్గరికే వెళ్లండి. సినిమా తార బొమ్మకు బదులు మీరు పగలబడి నవ్వుతున్న పాత ఫొటో చూపించి, ఆ నవ్వు చెడకుండా ఎంత వీలైతే అంతే చేయమనండి. ఇంట్లో పెళ్లి ఉంటే మొదటిసారి ప్రయోగం ఆ ముందు నెలలో మాత్రం వద్దు.