టార్పెడో లేని జలాంతర్గామి

తమ్ముడూ,

కథ చదివాను. రెండో ప్రపంచ యుద్ధంలో ఫిలిప్పీన్స్‌లోని ఒర్మోక్‌కి బియ్యం మోసే జపాన్ సైన్యపు (నౌకాదళానిది కాదు, నేల మీద పోరాడే సైన్యానిది) జలాంతర్గామి మంచి వస్తువే. కానీ మూడో పేజీకే అది టార్పెడో వదిలేసింది! ఈ ‘మారు-యు’ పడవలకు టార్పెడో గొట్టాలే లేవు. ఉన్నదల్లా పైన ఒక 37 మి.మీ. ఫిరంగి. లోపలున్నది నౌకాదళం వాళ్లూ కాదు. కాబట్టి అడ్మిరల్‌ని తీసేసి, లెఫ్టినెంట్లనూ సార్జెంట్లనూ పెట్టు.

సైన్యానికి సొంత జలాంతర్గామి ఎందుకో ఒక్క ముక్కలో చెప్పు. పసిఫిక్ దీవి గ్వాడల్‌కెనాల్‌లో సరుకు అందక సైనికులు తిండిలేక చచ్చారు. ఆ తర్వాత, 1943లో, సైన్యమే కట్టించుకోవడం మొదలుపెట్టింది. ఓడల యార్డులు నౌకాదళం గుప్పిట్లో ఉన్నాయి. అందుకే పని జపాన్‌లోని కుదమత్సులో రైలింజన్లు చేసే హిటాచీ కర్మాగారానికి వెళ్లింది. రెండు దళాల పోరు చూపడానికి ఇంతకన్నా సంభాషణలు అక్కర్లేదు.

పడవ పొడవు సుమారు 41 మీటర్లు, సరుకు 40 టన్నుల దాకా. నీటి కింద 4 నాట్ల (గంటకు సుమారు 7 కి.మీ.) వేగంతో ఎనిమిది గంటలు పోతే బ్యాటరీ ఖాళీ. నువ్వేమో రెండు రోజులు ముంచే నడిపించావు. రాత్రి పైకి తేల్చి, డైనమో తిప్పి ఛార్జి చేయించు.

అసలు కథ బరువులో ఉంది, దాన్నే నువ్వు దాటేశావు. బస్తాలు దింపగానే పడవ నీటి కిందికి వెళ్లిపోయిందని రాశావు. వెళ్లదు. పోయిన టన్నులకు సరిగ్గా అంత సముద్రపు నీరు సర్దుబాటు ట్యాంకుల్లోకి ఎక్కించాలి. తక్కువైతే, మునగడానికి నింపే పెద్ద ట్యాంకులు నిండినా వీపు పైనే తేలుతుంది. ఎక్కువైతే రాయిలా దిగిపోతుంది. ముందువైపు బస్తాలే ముందు దింపితే మూతి లేచి తోక కుంగుతుంది, నీటిని పంపులతో ముందుకు తోడాలి. లెక్కరాసేవాడు తడిసిన బస్తాని పొడి బస్తా బరువుకే రాసుకున్నాడనుకో. ఒకటైతే పర్లేదు, వందలైతే పడవ మాట వినదు. నీ సార్జెంట్ చేతికి పెన్సిల్ ఇవ్వు, తుపాకీ కాదు.

‘విషవాయువు’ అని ఊరుకోకు. బ్యాటరీ ఆమ్లంలో ఉప్పునీరు పడితే పుట్టేది క్లోరిన్. ముందు కళ్లు మండుతాయి, తర్వాత దగ్గు.

ముగింపులో విమానం బాంబు వద్దు. 1944 నవంబరు చివర్లో, ఒర్మోక్ అఖాతం దగ్గర, రాత్రిపూట నీటిపైన దొరికిన యు-2 అనే మారు-యు పడవని అమెరికన్ డిస్ట్రాయర్ యుద్ధనౌకలు ఫిరంగులతోనే ముంచాయి. విమానంకన్నా అది నీ కథకు నప్పుతుంది.

తిరగరాసి పంపేటప్పుడు బస్తాల లెక్క, ట్యాంకుల లెక్క వేరే కాగితం మీద వేసి జతచెయ్యి. ముందు అదే చూస్తాను.