ముందు స్నేహితురాలి ఇంటికి వెళ్లు

ప్రశ్న: మాది కడప. పదో తరగతి పూర్తయ్యాక నేనూ నా ప్రాణ స్నేహితురాలూ వేసవి సంగీత శిబిరంలో చేరాము. అక్కడ మృదంగం నేర్చుకునే ప్రొద్దుటూరు అబ్బాయి, నేను ఇష్టపడ్డాము. ఆ సంగతి వేరొకరి నోట విన్న నా స్నేహితురాలు మాట్లాడడం మానేసింది. అమ్మ ఫోన్ తీసేసుకుంది. శిబిరం ముగిసింది. పాడబోతే ఏడుపు వస్తోంది, అన్నం సయించడం లేదు. నేను తప్పు చేశానా?

జవాబు: అమ్మా, పదహారేళ్ల వయసులో ఒకరి మీద మనసు కలగడం తప్పు కాదు. మోహన రాగ వర్ణాన్ని రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంతో పాడుతూ నీవు తాళం తప్పినప్పుడు, అతను ఎవరి కంటా పడకుండా ఒళ్లో వేళ్లతో ఆది తాళం ఎనిమిది అక్షరాలూ లెక్కపెట్టి చూపి, నిన్ను మళ్లీ దారిలో పెట్టాడని రాశావు. నలుగురిలో పరువు పోకుండా ఆదుకున్న మనిషి మనసులో నిలిచిపోవడం సహజం.

నీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివింది మాత్రం నీ స్నేహితురాలి గురించిన భాగం. ఆ రోజు నీ పక్కనే కూర్చుని తంబూరా మీటుతున్నది ఆమే కాబట్టి, ఆమెకు అప్పుడే అంతా అర్థమై ఉంటుంది. నీవే చెబుతావని ఎదురు చూసి, చివరికి ఇతరుల నోట వినవలసి వచ్చినందుకే ఆమె మనసు నొచ్చుకుందని నా నమ్మకం. ఆమెకూ అతని మీద ఇష్టం ఉందేమోనన్న నీ అనుమానాన్ని పక్కన పెట్టి, ఎవరిచేతా కబురు పంపకుండా నీవే ఆమె ఇంటికి వెళ్లి, "నీకు ముందే చెప్పవలసింది, భయపడి దాచాను" అని చెప్పు. అతని ఊసు అక్కడితో ఆపి, ఆమె చెప్పేది విను. ఆ రోజు ఆమె మాట్లాడకపోతే కొన్నాళ్లు ఆగి మళ్లీ వెళ్లు.

ఫోన్ లాక్కోవడంలో మీ అమ్మగారు తొందరపడ్డారు, కానీ ఆమె భయం నిరాధారమైనది కాదు. పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వారి మధ్య శారీరక సాన్నిహిత్యానికి ఇష్టపూర్వకమన్న మాట చెల్లదు. కేసు అయితే ఆ అబ్బాయి చదువూ భవిష్యత్తూ చిక్కుల్లో పడతాయి. అందుకని ఇతరుల ఫోన్ల నుంచి రహస్యంగా మాట్లాడవద్దు, ఫోటోలు పంపవద్దు, ఇంట్లో చెప్పకుండా ప్రొద్దుటూరు బస్సు ఎక్కవద్దు. అతను రమ్మన్నా కుదరదని చెప్పు. కాదన్నందుకు అలిగితే, అతని స్వభావం గురించి నీకొక ముఖ్యమైన విషయం తెలిసినట్లే. ఇద్దరూ ఇంటర్ చదువులో పడి, ఆ ఇష్టం నిలుస్తుందో లేదో కాలానికి వదిలేయండి.

ఆ వర్ణాన్ని కొన్నాళ్లు పక్కన పెట్టు. పొద్దున్నే శ్రుతి పెట్టుకుని మాయామాళవగౌళ రాగంలో తొలి పాఠాలైన సరళీ వరుసలు, జంట వరుసలు పాడు; వాటిలో అతని జ్ఞాపకం లేదు, గొంతు నిలకడకు అవే ఆధారం. మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టుకుని పాడగలిగితే, ఆమెతో మాట కలపడానికి కూడా అది దారి అవుతుంది. తిండి మీద అయిష్టం, ఏడుపు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, ఆమెకు చెప్పి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416కు ఫోన్ చేయి. అక్కడ తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా అన్నాళ్లు ఆగకుండా ఆ రోజే చేయి.