ఎదురు వెళ్ళు, వాలుకి రా

చిరంజీవి శ్రీనుకి మావయ్య ఆశీస్సులు.

పదిహేనడుగుల ఫైబరు బోటు కొన్నావని, దానికి 9.9 హార్స్‌పవర్ రెండు స్ట్రోకుల ఇంజను పెట్టించావని, దిండి రేవులో కట్టుకుని ఆదివారాలు పిల్లల్ని వశిష్ఠ గోదారి మీద తిప్పుతానంటున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మంచిదే. ఇంజను తిప్పడం ఒక్క పూటలో వచ్చేస్తుంది, దానికి నా ఉత్తరం అక్కర్లేదు. నువ్వు అలవాటు చేసుకోవలసింది ఒక ప్రశ్న. ఇప్పుడు, ఇక్కడ ఇంజను ఆగిపోతే నీళ్ళు నన్నెటు తీసుకుపోతాయి? దీనికి జవాబు తెలియని రోజున రేవులో తాడు విప్పకు.

మన దగ్గర గోదారికి రెండు నడకలున్నాయి. పోటు వస్తే నీళ్ళు ఎగువకి ఎక్కుతాయి. పాటు తీస్తే నర్సాపురం మీదుగా అంతర్వేది వైపు, సముద్రంలోకి దిగుతాయి. అందుకని వెళ్ళేటప్పుడు ఎప్పుడూ ఎదురు వెళ్ళు, వచ్చేటప్పుడు వాలుకి రా. పాటు తీస్తుంటే ఎగువకి పో. ఇంజను మొరాయించినా నీళ్ళే నిన్ను రేవు దాకా దింపుతాయి, తెడ్డుతో గట్టుకి పట్టించుకుంటే చాలు. పోటు ఎక్కుతుంటే దిగువకి పోవచ్చు. కానీ అందులో ఒక మెలిక ఉంది. నువ్వు దిగువన ఉండగా పోటు తిరిగిపోయిందంటే అదే నీరు నిన్ను సముద్రం వైపు లాగుతుంది. కాబట్టి దిగువకి పోయినప్పుడు పోటు నిండడానికి కనీసం గంట ముందే వెనక్కి తిరగాలి. నన్నడిగితే మొదటి ఏడాది దిగువ జోలికే పోకు. అంతర్వేది మొగ దగ్గరికి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటికి ఎప్పటికీ వద్దు. పాటు నీటికి సముద్రపు గాలి ఎదురు కొట్టినప్పుడు అక్కడ లేచే కెరటం నీ పదిహేనడుగుల బోటు మోసేది కాదు.

పోటు ఎక్కడానికి సుమారు ఆరు గంటలు పడుతుంది. పాటు ఇంకొంచెం ఎక్కువసేపు తీస్తుంది, పైనుంచి వచ్చే ఏటినీరు కూడా దానికి తోడవుతుంది కనక. ఇవాళ్టి పోటు కన్నా రేపటిది దాదాపు 50 నిమిషాలు ఆలస్యం. సముద్ర తీరానికి వేసిన పోటు పట్టికల్ని దిండిలో యథాతథంగా నమ్మకు, పోటు లోపలికి చేరడానికి సమయం పడుతుంది. రేవులో ఒక గెడ పాతి, జానెడు జానెడుకీ రంగు గీత పెట్టు. రెండు ఆదివారాలు ఊరికే కూర్చుని, ఏ గంటకి ఏ గీత తడిసిందో రాసుకో. పట్టికకీ మన రేవుకీ తేడా ఎంతో నీకే తెలుస్తుంది. అమావాస్యకీ పున్నమికీ లాగుడు జోరుగా ఉంటుంది, అష్టమి నవముల్లో మెత్తబడుతుంది. కొత్తగా నేర్చుకునేవాడికి అవే మంచి రోజులు. అష్టమి నాడు పని మొదలుపెట్టొద్దని మీ అమ్మ అంటుంది. ఈ ఒక్క విషయంలో వినకు.

ఇసుక మేటల సంగతి. ప్రతి వరదకీ అవి చోటు మారతాయి, నిరుడు లోతున్న చోట ఈ ఏడు మోకాటి నీళ్ళుంటాయి. ఏరు తిరిగే చోట బయటి ఒడ్డున లోతుంటుంది, లోపలి ఒడ్డున మేట వేస్తుంది. చుట్టూ నీళ్ళు నున్నగా ఉండి ఒక్క పట్టున సన్నగా వణుకుతున్నాయంటే అక్కడ కింద ఇసుక ఉన్నట్టే. తెలియని పాయలోకి పోటు ఎక్కుతున్నప్పుడే దూరు. మేటకి పట్టినా అరగంటలో నీళ్ళే ఎత్తుతాయి. పాటు తీస్తుండగా పట్టిందా, ప్రతి నిమిషం ఇంకాస్త కూరుకుంటావు. పట్టిన వెంటనే ఇంజను ఆపి పైకెత్తు. రివర్సులో రొద పెట్టకు, ఆ ఇసుకంతా నీళ్ళ పంపులోకి పోతుంది. మనుషుల్ని మేటకి అవతలి వైపుకి, లోతున్న వైపుకి జరిపి గెడతో నెట్టు.

జులై నుంచి అక్టోబరు దాకా ఎర్రనీరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు కిందికి వస్తున్నట్టు. ఆ హెచ్చరిక లంక ఊళ్ళ వాళ్ళ కోసం పెట్టింది, నీ బోటు కోసం కాదు. నీళ్ళు ఎర్రబడి, దుంగలూ గుర్రపుడెక్క తెప్పలూ కొట్టుకొస్తున్నాయంటే ఏ అంకె చూడకుండానే బోటు గట్టెక్కించు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన బోటు నీ బోటు కన్నా చాలా పెద్దది. అది తిరగబడింది కూడా వరద నీళ్ళలోనే.

ఇక ఇంజను. దీని గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఏటి మధ్యలో చిక్కుకునే వాళ్ళలో చాలామందికి కారణం చిన్న చిన్నవే.

రన్నింగ్ ఇన్ అయ్యాక పది లీటర్ల పెట్రోలుకి 200 మిల్లీలీటర్ల ఆయిలు, అంటే యాభైకి ఒకటి. కొత్త ఇంజనుకి మొదటి గంటల్లో ఆయిలు ఇంతకన్నా ఎక్కువ కలపమంటారు, ఎంతన్నది దానితో ఇచ్చిన పుస్తకంలో చూసి కలుపు. ఆయిలు టీసీ-డబ్ల్యూ3 రకమే, అంటే నీళ్ళతో చల్లారే బోటు ఇంజన్లకి చేసిందే కావాలి. బండి ఆయిలు చవకని పోయకు. అది గాలికి చల్లారే వేడి ఇంజన్ల కోసం చేసింది. నీళ్ళతో చల్లారే ఇంజనులో దాని బూడిద పేరుకుని రింగులు పట్టేస్తాయి.

బయల్దేరిన రెండు మూడు నిమిషాలకి ఇంజను గుక్కపట్టి ఆగిపోతే కార్బ్యురేటరు విప్పకు. ముందు పెట్రోలు ట్యాంకు మూత మీదున్న గాలి మర చూడు. అది బిగించి ఉంటే లోపల గాలి చాలక పెట్రోలు రాదు. చేత్తో నొక్కే రబ్బరు బల్బు చప్పబడి లోపలికి పీల్చుకుపోయి కనిపిస్తే జబ్బు అదే. మర వదులు చెయ్యి, బల్బు గట్టిపడే దాకా నొక్కు, అంటుకుంటుంది. ఒడ్డుకొచ్చాక ఆ మర మళ్ళీ బిగించడం మామూలే కనక బయల్దేరేటప్పుడు తెరవడం అందరూ మరిచిపోతారు.

ఇంజను అంటుకోగానే వెనక సన్నటి నీళ్ళ ధార పడుతోందో లేదో చూడు. ధార లేకపోతే వెంటనే ఆపు. చాలాసార్లు ఇంజను కాలు అడుగున నీళ్ళు పీల్చుకునే జల్లెడకి గుర్రపుడెక్క వేరో పాలిథిన్ సంచో అడ్డం పడి ఉంటుంది. ఇంజను పైకెత్తి తీసెయ్యి. జల్లెడ శుభ్రంగానే ఉండి ధార రావట్లేదంటే పంపులో రబ్బరు ఇంపెల్లరు పోయినట్టు. మన ఒండ్రు నీళ్ళకి అది త్వరగా అరుగుతుంది, ఏడాదికోసారి మార్పించు. నీళ్ళు లేకుండా ఇంజను అర నిమిషం కూడా తిప్పకు.

పెట్రోలు మూడు వంతులు చేసుకో. ఒక వంతు పోవడానికి, ఒక వంతు రావడానికి. మూడో వంతు ముట్టుకోవద్దు. ఒక డబ్బాలో రెండు స్పార్క్ ప్లగ్గులు, ప్లగ్గు పానా, పట్టకారు, ఫ్యాను (నీళ్ళని తోసే రెక్కలు) పిన్నులు, వలతాడు కోసే పదునైన కత్తి పెట్టు. ఇంజను బిగించిన రెండు మరలూ బయల్దేరే ముందు ప్రతిసారీ బిగించు. అవి వదులైనా ఇంజను ఏట్లో పడకుండా దాన్ని బోటుకి ఒక గొలుసుతో కట్టు.

ఇంజను ఆపే ఎర్ర తాడు ఉంది చూశావా, దాని కొస నీ ముంజేతికి తగిలించుకోకుండా గేరు వెయ్యకు. నువ్వు జారి నీళ్ళలో పడితే ఆ క్లిప్పు ఊడి ఇంజను ఆగుతుంది. లేకపోతే చుక్కాని పట్టేవాడు లేని బోటు అక్కడక్కడే గుండ్రంగా తిరుగుతుంది, తిరిగి తిరిగి నీ మీదికే వస్తుంది. నువ్వు పడితే ఇంజను మళ్ళీ అంటించడానికి బోటులో మిగిలినవాళ్ళకి ఇంకో క్లిప్పు కావాలి, అదనంగా ఒకటి కొని పెట్టె మూతకి కట్టు.

మనుషుల లెక్క. పొడవు అడుగుల్ని వెడల్పు అడుగులతో గుణించి 15తో భాగించు. నీది ఐదడుగుల వెడల్పైతే పదిహేనూ ఐదుల డెబ్బై ఐదు, భాగిస్తే ఐదుగురు. అది ప్రశాంతమైన నీళ్ళకి, సామాను లేనప్పుడు. మన ఏటి మీద నలుగురే అనుకో, పిల్లల్ని కూడా ఒక్కొక్కరిగానే లెక్కపెట్టు. చుట్టాలొచ్చినప్పుడు మొహమాటపడకు, రెండు విడతలు తిప్పు. ఎవరూ లేచి నిలబడకూడదు. ఫోటో కోసమని అందరూ ఒక పక్కకి జరిగినప్పుడూ, మగవాళ్ళు ఒంటేలుకి అంచున నిలబడినప్పుడూ బోటు ఒరుగుతుంది. అడుగున రెండంగుళాల నీళ్ళున్నా ఒరిగిన వైపుకే పరిగెత్తి ఆ ఒరుగు పెంచుతాయి. అందుకే తాడు కట్టిన బొక్కెన ఒకటి చేతికందేలా ఉంచి నీళ్ళు తోడేస్తూ ఉండు. అడుగు బిరడా బిగించావో లేదో దించక ముందే చూడు.

లైఫ్ జాకెట్లు సీటు కింద దాచడానికి కావు. రేవులోనే, బోటు ఎక్కక ముందే తొడిగించు. పడ్డాక నీళ్ళలో తొడుక్కోవడం ఈతగాడికి కూడా చాలా కష్టం. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగు. జాకెట్టు గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది పెద్దది. పిల్లలకి పెద్దవాళ్ళ జాకెట్టు అసలు పనికిరాదు, చేతుల మీదుగా జారిపోతుంది. బరువుని బట్టి కొను, కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది కొను. ఆడవాళ్ళు చీరతో వస్తే కొంగు జాకెట్టు లోపల బిగించి దోపుకోమను. తడిసిన చీర, చున్నీ, లుంగీ కాళ్ళకి చుట్టుకుంటాయి. ఈత వచ్చినవాళ్ళకి కూడా అది ప్రమాదమే.

ఎవరైనా పడితే ముందు ఇంజను న్యూట్రల్‌లో పెట్టు. ఆ వేగం మిగిలుండగానే పడిన వైపుకే ముక్కు తిప్పు, వెనక ఉన్న ఫ్యాను వాళ్ళకి దూరమవుతుంది. కుడి వైపుకి తిరగాలంటే పిడి ఎడమకి నెట్టాలి, ఎడమకైతే కుడికి. ఇది చేతికి అలవాటయ్యే దాకా ఖాళీ నీళ్ళలో తిప్పి చూసుకో. తిరిగొచ్చి గాలికి ఎదురుగా, మెల్లగా దగ్గరికి పోయి, ఇంజను పూర్తిగా ఆపి అప్పుడు అందుకో. పక్క నుంచి లాగితే బోటు కూడా బోల్తా కొడుతుంది. ఇంజను పైకెత్తి వెనక నుంచి ఎక్కించు. అంతవరకూ పట్టుకోవడానికి, మూత బిగించిన ఖాళీ ఐదు లీటర్ల డబ్బాకి నీళ్ళ మీద తేలే పదిహేను మీటర్ల ప్లాస్టిక్ తాడు కట్టి ఉంచు, విసరడానికి వీలుగా ఉంటుంది. బోటే తిరగబడితే దాన్ని వదలొద్దు, గట్టు దగ్గరే ఉంది కదా అని ఈదొద్దు. తిరగబడ్డ ఫైబరు బోటు మామూలుగా చాలాసేపు తేలుతుంది, దూరం నుంచి కనిపిస్తుంది. మనిషి తల కనపడదు.

లంగరు ఎప్పుడూ ముందు నుంచే వెయ్యి. వెనక వేస్తే లాగుడుకి వెనక భాగం కిందికి వంగి, ఇంజను బరువు కూడా తోడై, నీళ్ళు లోపలికి వచ్చేస్తాయి. తాడు లోతుకి ఐదు రెట్లు కావాలి, మూడు మీటర్ల లోతైతే పదిహేను మీటర్లు. లంగరుకీ తాడుకీ మధ్య రెండు మీటర్ల గొలుసు పెడితే అది అడుగున పడుకుని పట్టు ఇస్తుంది. వంతెన స్తంభాలకి మాత్రం ఎన్నడూ తాడు కట్టకు. వాటి వెనక నీళ్ళు సుడి తిరుగుతాయి, పోయేటప్పుడు కూడా రెండు స్తంభాల నడిమధ్య నుంచి పో.

వలల బెండ్లు వరసగా కనిపిస్తే చివర ఎక్కడుందో చూసి దాన్ని చుట్టి పో. వాళ్ళ బతుకు అది, దాని మీదుగా పోయి తెంపితే గొడవ వాళ్ళది కాదు నీది. తెలియక మీదికి పోతే న్యూట్రల్‌లో పెట్టి ఇంజను ఎత్తుకుని జారిపో. ఎప్పుడైనా సఖినేటిపల్లి, నర్సాపురం మధ్య పంటు దారికి అడ్డం పడాల్సి వస్తే దాని ముందు నుంచి దాటకు. జనాన్నీ బళ్ళనీ ఎక్కించుకున్న ఆ పంటు చప్పున ఆగలేదు. వెనక నుంచి పో, దాని అల వచ్చినప్పుడు వేగం తగ్గించి ముక్కు కాస్త ఏటవాలుగా పెట్టి తీసుకో.

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాటాక గాలి ఒక్కసారిగా ఆగి ఉక్కపోసి, పడమటి దిక్కున మబ్బు నల్లగా లేస్తే పది నిమిషాల్లో ఈదురుగాలి అందుకుంటుంది. అప్పుడు సొంత రేవు కోసం చూడకు, ఏ గట్టు దగ్గరైతే అక్కడ దిగు. దిగాక కొబ్బరిచెట్ల కింద నిలబడకు. ధనుర్మాసంలో పొద్దున్నే మంచు. అవతలి గట్టు కనపడే దాకా తాడు విప్పకు. పొద్దుగూకే లోపల రేవులో ఉండు. చీకట్లో వలా మేటా రెండూ కనపడవు.

సీసాలు తెచ్చే స్నేహితులుంటారు. బోటు ఎక్కక ముందూ వద్దు, ఎక్కాక అసలు వద్దు. తాగేది ఉంటే గట్టు మీద చూసుకోమను.

బయల్దేరే ముందు ఎటు పోతున్నావో, ఎన్నింటికి వస్తావో ఇంట్లో చెప్పు. ఆ గంట దాటి ఇంకో గంటైనా రాకపోతే 112కి ఫోను చెయ్యమని కూడా చెప్పు. నీ ఫోను నీళ్ళు చొరని సంచిలో, మెడలో ఉండాలి, సీటు మీద కాదు. ఇంజను బోటు కనక రిజిస్ట్రేషను, సర్వే, ఇన్సూరెన్సు కాగితాలు 2021 ఇన్‌లాండ్ వెసల్స్ చట్టం ప్రకారం చేయించుకో. అమ్మినవాడు అక్కర్లేదంటే నమ్మకు.

ఎండాకాలంలో మన దగ్గర నీళ్ళు ఉప్పెక్కుతాయి. ఒడ్డుకి తెచ్చాక ఇంజను కాలు మంచినీళ్ళ పీపాలో ముంచి పది నిమిషాలు తిప్పు, ఉప్పూ ఇసుకా పోతాయి. చివర్లో పెట్రోలు గొట్టం ఊడదీసి దానంతట అదే ఆగే దాకా వదులు, కార్బ్యురేటరులో పెట్రోలు ఎండి జిగురు కట్టదు.

దసరా దాటి నీళ్ళు తేరాక దించు. ఈలోగా జాకెట్లు కొని, పిల్లల బరువులు, జాకెట్ల మీద రాసిన సైజులు నాకు పంపు. సరిపోతాయో లేదో చూసి చెబుతాను.

ఇట్లు,
మావయ్య