మీ పెంపుడు నేస్తం: డ్రై ఫుడ్ సంచి వెనక రాసింది ఎలా చదవాలి?

ఈసారి పేజీ అంతా కుక్కల డ్రై ఫుడ్‌కే, అంటే సంచుల్లో వచ్చే గుళికల మేతకే ఇచ్చేశాం. ప్రశ్నలన్నీ గోదావరి డెల్టా ఊళ్ళ నుంచి వచ్చినవే. ఫలానా కంపెనీది మంచిదా అని పేర్లు పెట్టి అడిగినవాళ్ళకు కూడా కింది లెక్కల్లోనే జవాబు దొరుకుతుంది. కంపెనీలు సరుకు మారుస్తుంటాయి, లెక్క చేసే పద్ధతి మాత్రం మారదు.

ప్రశ్న: మావాడు నాటు కుక్కండి, మూడేళ్ళు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాం. బరువు 20 కిలోలు. ఇప్పుడు పెడుతున్న దాంట్లో ప్రోటీన్ 20, కొవ్వు 8 శాతం. కిలో 230 రూపాయలు. షాపాయన ప్రోటీన్ 28, కొవ్వు 16 ఉన్నది తీసుకోమంటున్నారు. అది కిలో 380. అంత తేడా పెట్టి కొనాలంటారా? – భీమవరం

జవాబు: సంచి మీది శాతాలు బరువును బట్టి వేసినవి. కుక్క కడుపు నిండేది కేలరీలను బట్టి. అందుకే రెండు సంచులనూ ముందు కేలరీల్లోకి మార్చి, ఆ తర్వాత పోల్చాలి. కాగితం, పెన్ను ఉంటే పది నిమిషాల పని.

సంచి వెనక ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ నాలుగూ ఉంటాయి. మొదటి రెండూ 'కనీసం', చివరి రెండూ 'గరిష్ఠం'. ఖనిజాల బూడిద (మేతను కాలిస్తే మిగిలేది) చాలా సంచుల మీద రాయరు, 8 అనుకోండి. ఈ అయిదూ కూడి 100లోంచి తీసేస్తే మిగిలేది పిండి పదార్థం. మీరు పీచు, తేమ అంకెలు రాయలేదు కాబట్టి మామూలుగా కనిపించే అంకెలు వేశాం: మీ పాత సంచికి పీచు 5, తేమ 10; కొత్తదానికి పీచు 3, తేమ 10. అప్పుడు పాతదాంట్లో పిండి పదార్థం 49, కొత్తదాంట్లో 35 వస్తుంది.

ప్రోటీన్‌ను, పిండి పదార్థాన్ని 3.5తో, కొవ్వును 8.5తో గుణించి కూడితే 100 గ్రాముల్లో ఎన్ని కేలరీలో తెలుస్తుంది. పాతది 310, కొత్తది 357. సంచి మీద కేలరీలు అచ్చు వేసి ఉంటే ఈ గుణకారం అక్కర్లేదు, ఆ అంకే తీసుకోండి.

ఆపరేషన్ అయిన 20 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1060 కేలరీలు కావాలి. అంటే పాతది 340 గ్రాములు, కొత్తది 300 గ్రాములు. రోజు ఖర్చు 79 రూపాయలు, 113 రూపాయలు. కిలో ధరల్లో 150 రూపాయల తేడా కనిపించింది గానీ, గిన్నెలోకి వచ్చేసరికి అది 34 రూపాయలే.

ప్రోటీన్ సంగతి కూడా ఇంతే. 20, 28 అని చూస్తే కొత్తదాంట్లో 40 శాతం ఎక్కువున్నట్టు అనిపిస్తుంది. వెయ్యి కేలరీలకు ఎన్ని గ్రాములో చూస్తే పాతది 65, కొత్తది 79. తేడా 20 శాతం చిల్లర. పెద్ద కుక్కకు వెయ్యి కేలరీలకు కనీసం 45 గ్రాములు ఉండాలని అమెరికాలో జంతువుల మేతకు ప్రమాణాలు రాసే ఆఫ్కో అనే సంఘం చెబుతోంది. మీ రెండు సంచులూ దాన్ని దాటినవే.

కాబట్టి మీవాడు చురుగ్గా ఉండి, జుట్టు నిగనిగలాడుతూ, విరేచనం గట్టిగా అవుతుంటే పాతది మానేయాల్సిన పని లేదు. విరేచనం రోజుకు నాలుగైదుసార్లు, మెత్తగా, ఎక్కువెక్కువగా అవుతోందంటే తిన్నది ఒంటబట్టడం లేదని అర్థం. అప్పుడు కొత్తది ప్రయత్నించడంలో న్యాయం ఉంది. మార్చేటప్పుడు ఒక్కసారిగా మార్చొద్దు. మొదట పావు వంతు కొత్తది కలిపి, రెండు మూడు రోజులకోసారి పెంచుతూ వారం పది రోజుల్లో పూర్తిగా మార్చండి. కొలత మాత్రం 300 గ్రాములే. పాత గ్లాసుతో పాత లెక్కనే పోస్తే నెల తిరక్కుండా ఒళ్ళు చేస్తాడు. కొవ్వు ఎక్కువున్న సంచి కొన్న ఇళ్ళలో జరిగే పొరపాటు ఇదే. వంటింటి త్రాసు మీద తూచి పెట్టండి.

1060 కూడా మొదలుపెట్టడానికి ఒక అంకె, అంతే. నెలకోసారి పక్కటెముకల మీద అరచేయి ఆనించి నిమిరి చూడండి. గట్టిగా నొక్కకుండానే ఎముకలు తగలాలి, కంటికి మాత్రం కనపడకూడదు. తగలకపోతే మేత పదో వంతు తగ్గించండి.

ప్రశ్న: ఒక సంచిలో మొదటి పేరు 'చికెన్', ఇంకోదాంట్లో 'చికెన్ మీల్'. మీల్ అంటే చెత్తా చెదారం అంటున్నారు, నిజమేనా? రెండింట్లోనూ బ్రూవర్స్ రైస్, మొక్కజొన్న ఉన్నాయి. – అమలాపురం

జవాబు: సరుకుల పేర్లు ఎక్కువ బరువు నుంచి తక్కువ బరువుకు వరసగా రాస్తారు. ఆ బరువు తయారీలోకి వేసే ముందుది, నీళ్ళతో సహా. పచ్చి చికెన్‌లో 70 శాతం దాకా నీరే. 100 కిలోల మిశ్రమంలో 20 కిలోల పచ్చి చికెన్ వేస్తే ఆరిన తర్వాత మిగిలేది 6 కిలోలు. 15 కిలోల చికెన్ మీల్ వేస్తే 14 కిలోలు మిగులుతుంది, ఎందుకంటే మీల్ అంటే మాంసం, తోలు, ఎముక ఉడికించి, కొవ్వు తీసి, ఆరబెట్టి పొడి చేసినది. అందులో ప్రోటీన్ 65 శాతం వరకు ఉంటుంది. కాబట్టి వరసలో రెండో స్థానంలో ఉన్న మీల్, మొదటి స్థానంలోని పచ్చి చికెన్ కంటే ఎక్కువ మాంసం ఇవ్వొచ్చు. 'చికెన్ మీల్', 'ఫిష్ మీల్' అని జంతువు పేరుతో రాసినదాన్ని నమ్మొచ్చు. 'మీట్ మీల్', 'యానిమల్ ప్రోటీన్' అని పేరు దాచి రాసిందంటే సంచి సంచికీ సరుకు మారే అవకాశం ఉందన్నమాట. అలాంటిది మేం సిఫారసు చెయ్యం.

మీరు చూడాల్సింది ఇంకోటుంది. మొక్కజొన్న, మొక్కజొన్న పిండి, కార్న్ గ్లూటెన్ (మొక్కజొన్నలోంచి తీసిన ప్రోటీన్) అని మూడు పేర్లుగా విడగొట్టి రాస్తే ఒక్కొక్కటీ వరసలో కిందికి దిగి, చికెన్ పైకొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ మూడూ మనసులో కలిపి చదువుకోండి. కార్న్ గ్లూటెన్ ప్రోటీన్ శాతాన్ని పెంచుతుంది కూడా. ప్రయోగశాలలో నిజానికి కొలిచేది నత్రజని. దాన్ని 6.25తో గుణించి ప్రోటీన్ అని రాస్తారు. అది మాంసంలోంచి వచ్చిందా, గింజలోంచి వచ్చిందా, ఈకల పొడిలోంచి వచ్చిందా ఆ అంకె చెప్పదు. 2007లో చైనా నుంచి వెళ్ళిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే రసాయనం కలిపి నత్రజనిని పెంచి చూపించారు. అది తిన్న కుక్కలకు, పిల్లులకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. అమెరికాలో పెద్ద ఎత్తున సంచులు వెనక్కి తీసుకున్నారు.

బ్రూవర్స్ రైస్ అంటే భయపడకండి. నూకలే. మీ ఊరి రైసు మిల్లులో దొరికేదే, ఉడికితే కుక్కకు బాగా అరుగుతుంది. మొక్కజొన్న కూడా ఉడికించి గుళిక చేశాక అరుగుతుంది. తవుడు వరసలో పైన ఉంటే మాత్రం గుళిక వాసన చూసి కొనండి. తవుడు నూనె ఎంత తొందరగా చెడుతుందో మిల్లులవాళ్ళను అడిగితే చెబుతారు.

ప్రశ్న: మాకు చేపల చెరువులున్నాయి. చెరువు కాడ ఉండే కుక్కకు తేలే మేత వేస్తే ఇష్టంగా తింటోంది. ప్రోటీన్ 28 శాతం అని సంచి మీదే ఉంది. కుక్కల సంచి కంటే చవక కూడా. వేయొచ్చా? – పాలకొల్లు

జవాబు: వేయొద్దండి. తేలే మేత, కుక్క గుళిక రెండూ ఒకే తరహా యంత్రంలో ఆవిరి పట్టి, ఒత్తిడితో పొంగించి చేసినవే. అందుకే చూడ్డానికీ వాసనకూ దగ్గరగా ఉంటాయి. లోపలి లెక్క వేరు. చేప మేతలో కొవ్వు 4, 5 శాతం దగ్గరే ఆగుతుంది. విటమిన్లు, ఖనిజాలు చేప అవసరానికి కలిపినవి. చేప నీటిలోంచి కూడా కాల్షియం తీసుకుంటుంది, కుక్కకు ఆ వీలు లేదు. వ్యాధి వచ్చినప్పుడు మేతకు మందులు పట్టించి చల్లుతారు కదా, ఆ సంచిలోది కుక్క నోటికి పోతే ఇంకో ప్రమాదం. గట్టు మీద తడిసి గడ్డకట్టిన మేత అన్నిటికంటే చెడ్డది. దాని మీది బూజు నుంచి వచ్చే అఫ్లటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. తిండి మానేయడం, వాంతులు, కళ్ళు, చిగుళ్ళు పచ్చబడడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళాలి.

అదే చెరువులోని చిన్న చేపలు ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి, మంచి ప్రోటీన్. పచ్చివి మాత్రం వద్దు. కొన్ని మంచినీటి చేపల పచ్చి మాంసంలో బి1 విటమిన్‌ను నాశనం చేసే ఎంజైము ఉంటుంది, ఉడికిస్తే అది పోతుంది. ఉప్పు పట్టించిన ఎండు చేపలూ పెట్టొద్దు.

ప్రశ్న: మూడు నెలల ల్యాబ్రడార్ కుక్కపిల్ల. పెద్ద జాతుల పప్పీ ఫుడ్ పెడుతున్నాం. ఎముకలు గట్టిపడాలని కాల్షియం టానిక్ కూడా పోస్తున్నాం. రోజుకు ఎంత పోయాలి? – తణుకు

జవాబు: ఏమీ పోయొద్దు. ఈ రోజే ఆపేయండి.

పెద్ద కుక్క ఒంటికి కాల్షియం ఎక్కువైతే పేగు దగ్గరే కొంత వద్దనగలదు. ఆరు నెలల లోపు పిల్లకు ఆ శక్తి పూర్తిగా రాదు, పోసినదాంట్లో చాలా భాగం ఒంట్లోకి పోతుంది. వేగంగా ఎదిగే జాతుల్లో దానివల్ల ఎముక ఎదుగుదల తప్పి కాళ్ళు వంకరపోతాయి, కీళ్ళు దెబ్బతింటాయి. పైగా జింక్ ఒంటబట్టకుండా అడ్డం పడుతుంది. టానిక్‌లో విటమిన్ డి కూడా ఉంటే చెడు రెట్టింపు. కాళ్ళు వంకరపోకూడదని పోసిన మందే కాళ్ళు వంకర చేస్తుంది, మా బాధల్లా ఇదే.

సంచి మీద రెండు సంగతులు చూడండి. 'ఎదుగుదల దశకు' అని ఉండాలి, పెద్ద జాతులకూ సరిపోతుందని ప్రత్యేకంగా రాసి ఉండాలి. కాల్షియం, తేమ తీసేసిన లెక్కన 1.2 శాతానికి తగ్గకుండా, 1.8 శాతానికి మించకుండా ఉండాలి. సంచి మీద 1.2 అని, తేమ 10 అని ఉంటే, 1.2ను 0.9తో భాగించండి, 1.33. సరిపోతుంది. కాల్షియం ఫాస్ఫరస్ కంటే తక్కువ ఉండకూడదు, రెండింతలు మించకూడదు.

దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. అన్నం, చికెన్ మాత్రమే పెట్టి పెంచిన పిల్లలకు కాల్షియం నిజంగానే చాలదు. మాంసంలో ఫాస్ఫరస్ కాల్షియం కంటే పది రెట్లకు పైనే. అక్కడ చెయ్యాల్సింది తిండి మార్చడం, డాక్టరు కొలత చెప్పాక కాల్షియం ఇవ్వడం. ముందు కాళ్ళు ఇప్పటికే వంగినట్టుంటే ఎక్స్‌రే తీయించకుండా ఏ టానిక్కూ మొదలుపెట్టొద్దు.

ప్రశ్న: మా ఆడకుక్క 10 కిలోలు, ఆపరేషన్ అయింది. పొద్దున పెరుగన్నం, సాయంత్రం 100 గ్రాముల డ్రై ఫుడ్. ఇలా సగం సగం పరవాలేదా అండి? – రాజోలు

జవాబు: దానికి రోజుకు 630 కేలరీలు కావాలి. 100 గ్రాముల డ్రై ఫుడ్‌లో 350, 200 గ్రాముల అన్నం, 50 గ్రాముల పెరుగులో 290 వస్తాయి. కేలరీలు సరిపోయాయి. ప్రోటీన్ కూడా, మీ సంచి 24 శాతందైతే, గీసినట్టు సరిపోతుంది. లోటు వచ్చేది జింక్, రాగి, విటమిన్ల దగ్గర. అవన్నీ డ్రై ఫుడ్‌లో పూర్తి మేతకు లెక్కగట్టి కలిపినవి. మీరు పెట్టేది సగమే కాబట్టి అవీ సగమే అందుతాయి. రోజు తిండిలో బయటి పదార్థాలు పదో వంతు కేలరీలు దాటకపోతే ఏ చింతా లేదు. మీకు మా సలహా: డ్రై ఫుడ్ 165 గ్రాములకు పెంచి రెండు పూటలు చెయ్యండి. అన్నం తీసేసి, పొద్దున ఉడికిన గుడ్డులో సగం, చెంచా పెరుగు కలపండి. గుడ్డు రోజూ వద్దనుకుంటే డ్రై ఫుడ్ ఇంకో 10 గ్రాములు వేయండి. కూర అన్నం పెట్టే అలవాటుంటే ఉల్లి, వెల్లుల్లి పడిన కూర వద్దు, రెండూ కుక్క రక్తకణాలను పగలగొడతాయి.

ఇంకో మాట. కొన్న సంచి మీద 'కంప్లీట్' అని ఉందో, 'కాంప్లిమెంటరీ' అని ఉందో చూడండి. రెండోది పక్కన పెట్టుకునే పదార్థమే, దాంతోనే కడుపు నింపకూడదు.

ప్రశ్న: గ్రెయిన్ ఫ్రీ మంచిదని మా అబ్బాయి ఆర్డరు పెట్టాడు. గోల్డెన్ రిట్రీవర్. – నరసాపురం

జవాబు: గింజధాన్యం పడని కుక్కలు అరుదు. దురదలకు ఎక్కువసార్లు కారణం గోమార్లు, కుక్క ఈగలు (ఫ్లీస్), తిండివల్లే అయితే చికెన్, బీఫ్, పాల వంటి ప్రోటీన్లు. ధాన్యం తీసేసినచోట కంపెనీలు బఠాణీ, మసూర్, శనగ పిండి నింపుతాయి. ఇలాంటి మేతలు తిన్న కుక్కల్లో గుండె కండరం సాగిపోయే జబ్బు కనిపిస్తోందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది. అవే కారణమని తేల్చలేదు, కాదనీ తేల్చలేదు. వచ్చిన కేసుల్లో గోల్డెన్ రిట్రీవర్లు ఎక్కువ. మీ ఇంట్లో ఉన్నది ఆ జాతే కనుక, డాక్టరు చెప్పిన కారణం లేకపోతే ధాన్యం ఉన్నదానికే మారండి.

ప్రశ్న: 10 కిలోల సంచి కొంటే వానాకాలంలో మెత్తబడిపోతోంది. షాపులో లూజుగా కిలో కిలో కొనుక్కోవచ్చా? – ముమ్మిడివరం

జవాబు: లూజు వద్దు. తెరిచిన సంచి షాపులో ఎన్నాళ్ళుగా ఉందో, గడువు తేదీ ఏమిటో, బ్యాచ్ నంబరు ఏమిటో మీకు తెలియదు. గుళిక మీద పూసిన కొవ్వు గాలి తగిలిన రోజు నుంచీ చెడడం మొదలవుతుంది. మీ కుక్క నాలుగు వారాల్లో తినేసేంత సంచే కొనండి, వానాకాలంలో మూడు వారాలకు చాలు. రోజుకు 150 గ్రాములు తినే కుక్కకు 3 కిలోల సంచి సరిగ్గా సరిపోతుంది.

సంచిలోంచి తీసి ప్లాస్టిక్ డబ్బాలో పోయకండి. డబ్బా గోడకు అంటిన పాత నూనె కొత్త మేతను కూడా చెడగొడుతుంది. సంచితో సహా డబ్బాలో దించి, మూతి మడిచి క్లిప్పు పెట్టి, మూత బిగించండి. నేల మీద, గోడకు ఆనించి పెట్టొద్దు, పీట మీద పెట్టండి. తడి చేత్తో ముంచొద్దు. మాడిన పాత నూనె వాసనో, రంగు డబ్బా వాసనో వస్తే, గుళికలు ఒకదానికొకటి అంటుకుంటే, తెల్లటి పొడిలాంటి బూజు కనిపిస్తే మొత్తం పారేయండి. ఎండబెట్టినా, వేయించినా బూజు విషం పోదు. పారేసేది వీధి కుక్కలకు, కోళ్ళకు అందకుండా పాతిపెట్టండి.