కార్పెట్టు ఎత్తి చూడరా, అల్లుడూ

శ్రీకాకుళం

ఒరే అల్లుడూ,

నువ్వు పాత కారు కొంటున్నావని మా అప్ప, అదే మీ అమ్మ, నిన్న ఫోను చేసింది. "ఇనుం చూస్తే ఆగడు, అచ్చం నీ పోలికే తమ్ముడూ" అని నన్నే తిట్టింది. నలభై ఏళ్ళు స్పేనరు పట్టినవాణ్ణి, ఆ తిట్టు తియ్యగానే ఉంది. కానీ నీకు నచ్చిన పద్మిని కారు బారువలో, సముద్రం ఒడ్డున ఉందని చెప్పాక రాత్రి కన్ను మూతపడలేదు.

అంబాసిడరూ, టాటా సియెర్రా కూడా చూస్తున్నావట. అంబాసిడర్ ముసలిదయిందని ఎవరూ అనలేరు, పుట్టినప్పుడే అది పెద్దమనిషి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ అనే ఇంగ్లండు కారు ఒళ్ళది. 2014 దాకా దాదాపు ఆ ఒళ్ళుతోనే బెంగాల్లోని ఉత్తర్‌పారాలో తయారయింది. పెళ్ళికూతురు తల వంచకుండా ఎక్కొచ్చు. బానెట్టు ఎత్తితే లోపలికి చెయ్యేమిటి, మనిషే దూరతాడు. పద్మిని వెనకాల రెండు చిన్న రెక్కలుంటాయే, అవి అరవైల నాటి ఫియట్ సోకు. వాటికోసమే కదూ నువ్వు పడి చస్తున్నది? ముచ్చటైన బండే, కాదనను. మారుతి 800 సంగతి నువ్వడగలేదు గానీ, 1986లో వచ్చిన రూపం పెద్దగా మారకుండా 2014 దాకా నడిచింది. దానికి సోకే లేదు, ఇంక పాతబడేదేముంది?

స్టాండర్డ్ 2000 అని ఒకటొచ్చింది 1985లో. పైన పటారం, లోన లొటారం. రోవర్ అనే ఇంగ్లండు కారు ఒళ్ళు చూసి అందరం నోరెళ్ళబెట్టాం. లోపల ఇంజను తాతలనాటిది. కాంటెస్సా అనే కారుకీ మొదట అంబాసిడర్ ఇంజనే పెట్టారు, ఏనుగుని మేక చేత లాగించినట్టు. జపానువాళ్ళ ఇసుజు ఇంజను వచ్చాక గానీ దాని అందానికి తగ్గ నడక రాలేదు. 1991 నాటి సియెర్రా ఇప్పటికీ కంటికి ఇంపే. టాటావాళ్ళు 2025లో ఆ పేరు మళ్ళీ తెచ్చారు కూడా. కానీ పైకప్పు దాకా వంగిన ఆ వెనక అద్దాలు తెరుచుకోవురా. మే నెలలో ఏసీ ఆగిందా, వెనకవాళ్ళు ఉడికిన తేగలే. పక్కలకి రెండే తలుపులు. మీ అమ్మ ఆ మోకాళ్ళతో ఎలా ఎక్కుతుంది?

ఆర్‌సీ, ఇంజను నంబరు, చాసిస్ నంబరు సరిచూసుకో. పదిహేనేళ్ళు దాటిన బండి, రిజిస్ట్రేషను రెన్యువల్ అయిందో లేదో అడుగు. ఇవి నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. మీ అమ్మకీ తెలీదు.

నువ్వు పుట్టకముందు నేనో కారు కొన్నాను. పేరెందుకు, తప్పు కారుది కాదు. కళింగపట్నంలో సముద్రానికి ఎదురుగా ఏళ్ళ తరబడి ఉన్న బండి. కొత్తగా రంగేశారు. అందులో నా మొహం కనబడింది, మరేమీ కనబడలేదు. అప్పటికే మెకానిక్కుని! ఊళ్ళోవాళ్ళ బళ్ళన్నిటి కిందా పడుకునేవాణ్ణి, నేను కొనే బండి కింద మాత్రం పడుకోలేదు. ఆ రోజు కొత్త చొక్కా వేసుకెళ్ళాను మరి.

మీ అమ్మకి ఏడో నెల. కోరాపుట్టులో చుట్టాలింటికి వెళ్ళి, తిరిగి సాలూరు ఘాటీ దిగుతున్నాం. సన్నగా వాన. సుంకి దాటాక ఒక మలుపులో బ్రేకు తొక్కితే పెడలు కిందికంటా పోయింది. మళ్ళీ తొక్కాను. ఏమీ లేదు. వెనక మా అప్ప జంతికలు నములుతూ ఏదో చెబుతోంది. రెండో గేరుకి లాగాను, అక్కణ్ణించి ఒకటికి. గేరుపెట్టె కేకపెట్టింది. హేండుబ్రేకు లాగిపట్టి, బండిని కొండవైపు ఒరిపించాను. రాతికి గీసుకుంటూ గీసుకుంటూ పోయి పక్క కాలవలో ఆగింది.

"ఏటిరా తమ్ముడూ, టైరు పేలిందా?" అంది.

అవునన్నాను. ఇప్పటికీ మా అప్పకి అది టైరే.

ఇంటికి తెచ్చి కార్పెట్టు ఎత్తితే రేకు అప్పడంలా విరిగింది. రంగు కింద పుట్టీ, పుట్టీ కింద తుప్పు. దాన్నానుకుని పోయే బ్రేకు పైపుని ఉప్పుగాలి తినేసింది. ఆ పైపు పట్టుకుని షెడ్డులో ఎంతసేపు కూర్చున్నానో. నువ్వు పుట్టి, కేరుమన్నాక గానీ నా గుండె కుదుటపడలేదు.

అందుకని జేబులో అయస్కాంతం పెట్టుకెళ్ళు. తలుపుల కింద, చక్రాల పైన ఆనించు. పుట్టీ మందంగా ఉన్నచోట పట్టుకోదు. తలుపు అడుగున నీళ్ళు పోయే కన్నాలు పూడిపోయాయేమో పుల్లతో పొడు. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఆ బండి ఎక్కడుందో అడుగు, మునిగిందంటే లేచి వచ్చెయ్. బ్రేకు పైపులు బాగున్నాయన్నా సరే కొత్తవి వేయించు, డబ్బులు నేనిస్తాను. నవ్వకు.

ఆదివారం బేరమట కదా. నేనొచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకు. మొదటి బస్సుకే వస్తాను, పాత లుంగీ తెచ్చుకుంటాను.

టైరు సంగతి మీ అమ్మ దగ్గర ఎత్తకు.

మీ మావయ్య